నిషిద్ధాక్షరిలో పది నిమిషాలు

కౌన్సిల్ ఆఫ్ యూరప్ వారు 2001లో భాషా పరిజ్ఞానాన్ని ఆరు మెట్లుగా విడగొట్టి ఒక పట్టిక ప్రచురించారు. అది ఎ1తో మొదలై సి2తో ముగుస్తుంది. అట్టడుగు మెట్టు మీదున్నవాడు తన పేరూ ఊరూ చెప్పుకోగలడు. చిట్టచివరి మెట్టు ఎక్కినవాడు అర్థాల్లోని సన్నని తేడాలు కూడా పట్టి చూపగలడు. నడిమి మెట్లలో మొదటిదాని పేరు బి1. అక్కడ నిలబడ్డ మనిషి ఏమేం చేయగలగాలో చదువుతుంటే ఒకచోట నా చూపు ఆగిపోయింది. ప్రయాణంలో వచ్చే అవసరాలు గడుపుకోగలగాలి, సరే. జరిగిన సంగతులు చెప్పగలగాలి, అదీ సరే. తన కలలు, ఆశలు, ఆశయాలు వర్ణించగలగాలట. తన అభిప్రాయానికి క్లుప్తంగా కారణం చెప్పగలగాలట. ఒక విషయంలోని మంచిచెడ్డలు రెండువైపులా తర్కించడం ఆ పై మెట్టు పని. అంటే వాదించడం రాకముందే కల కనొచ్చన్నమాట. ఈ పట్టిక రాసినవాళ్లు భాష నేర్పే పనిలో ఉన్నవాళ్లే తప్ప తత్త్వవేత్తలేం కారు. అయినా ఆ వరస నాకు నచ్చింది.

ఈ బి1 మా ఇంట్లోకి మా వదిన వల్ల వచ్చింది. అన్నయ్య స్కిల్డ్ వర్కర్ వీసా మీద బ్రిటన్ వచ్చాడు, వెంట వదినా పిల్లలూ వచ్చారు. వచ్చేటప్పుడు ఆమెకు ఇంగ్లీషు వచ్చా అని ఎవరూ అడగలేదు. అయిదేళ్లు గడిచి స్థిరనివాసానికి అర్జీ పెట్టుకోబోతే అడిగారు. అప్పుడు అక్కడ రెండు గండాలుండేవి. ఒకటి ‘లైఫ్ ఇన్ ది యూకే’ పరీక్ష. 45 నిమిషాల్లో 24 ప్రశ్నలు, 18 సరిగ్గా చెబితే గట్టెక్కినట్టు. రెండోది ఇంగ్లీషు మాట్లాడటం, వినడం బి1 స్థాయిలో వచ్చని రుజువు చూపడం. ఇంగ్లీషు మీడియంలో డిగ్రీ చదివినవారికి ఈ రెండోది అక్కర్లేదు. మా వదిన చదివింది తెలుగు సాహిత్యం, ఆ పైన తెలుగు పండిత శిక్షణ. తెనాలి దగ్గర బడిలో పదో తరగతి పిల్లలకు గురులఘువులు నేర్పిన మనిషి. ఆ చదువు ఇక్కడ లెక్కలోకి రాలేదు.

మొదటి గండం ఆమె నవ్వుతూ దాటింది. బట్టీ పట్టడంలో మనల్ని మించినవాళ్లు లేరు కదా. ఎనిమిదో హెన్రీ ఆరుగురు భార్యల పేర్లు, ఎవరిని వదిలేశాడో ఎవరి తల తీయించాడో సహా, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. చిక్కంతా రెండోదానితోనే.

దానికి మేం ఎంచుకున్నది ట్రినిటీ కాలేజ్ లండన్ వారి జి.ఇ.ఎస్.ఇ. అయిదో గ్రేడు పరీక్ష. రాత పని లేదు. ఎగ్జామినర్ ఎదురుగా కూర్చుని పది నిమిషాలు మాట్లాడాలి. సగంసేపు మనం సిద్ధం చేసుకెళ్లిన విషయం మీద, మిగతా సగం పండగలు, ప్రయాణ సాధనాలు, సంగీతం, వినోదం, ఈమధ్య జరిగిన సంగతులు వంటి వాటిలోంచి వాళ్లు ఎత్తుకున్న రెండింటి మీద. మాటల మధ్య వ్యాకరణమూ గమనిస్తారు. ‘ఫర్’ ఎక్కడ వాడాలి, ‘సిన్స్’ ఎక్కడ వాడాలి, ‘బికాజ్’ పెట్టి కారణం చెప్పడం వచ్చా, ఇలాంటివి. మనమంతా ‘సిన్స్ ఫైవ్ ఇయర్స్’ బాపతు కాబట్టి ఆ ఒక్కదానికే చాలా సాయంత్రాలు ఖర్చయ్యాయి.

నిజానికి వదిన ఇంటర్మీడియట్ ఇంగ్లీషు ఎప్పుడో పాసయింది. నేనూ పాసయ్యాను, ఇది చదువుతున్న మీలో చాలామందీ అలాగే పాసయి ఉంటారు. ఆనొటేషన్ రాయాలంటే ముందు ఈ పంక్తులు ఫలానా పద్యంలోవి, ఫలానా కవి రాసినవి అని మొదలుపెట్టడం, తరవాత సందర్భం, ఆపైన అర్థం, చివర ఒక పొగడ్త. పద్యాలు మారేవి, పొగడ్త మాత్రం మారేది కాదు. నాన్‌డీటెయిల్డ్ కథలు గైడులోనే చదివాం. మాటలకు ఫొనెటిక్ గుర్తులు రాసి మార్కులు తెచ్చుకున్నాం, ఆ మాటల్ని నోటితో ఒక్కసారి పలికి చూడకుండానే. అదంతా దండగని అనను. ఎంతోమందికి ఆ చదువే దారి చూపింది. కానీ మూడు గంటలపాటు ఇంగ్లీషు రాయగలిగిన మనిషి పది నిమిషాలు మాట్లాడాలంటే వణికిపోయిందంటే ఎక్కడో ఏదో తేడా ఉంది.

ఒకప్పుడు ఈ పరీక్షలు మన గురించి అడిగేవి కావు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారు 1913లో ఇంగ్లీషు మాతృభాష కానివారి కోసం ప్రొఫిషియన్సీ పరీక్ష మొదలుపెట్టారు. మొత్తం పన్నెండు గంటల పరీక్ష. రాసింది ముగ్గురు, ముగ్గురూ తప్పారు. వ్యాసానికి ఇచ్చిన అంశాల్లో మాథ్యూ ఆర్నాల్డ్ ఒకటి. మరొకటి మనం ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామం అని చెప్పుకునే 1857. వాళ్ల ప్రశ్నపత్రంలో అది ‘ఇండియన్ మ్యూటినీ’. మా ప్రపంచం నీకెంత తెలుసు అని అడిగే పరీక్ష అది. నీ సంగతి చెప్పు అని అడిగే పరీక్ష ఇది. వినడానికి ఎంతో ఉదారంగా ఉంటుంది. మాథ్యూ ఆర్నాల్డ్ తెలియకపోతే తెలియదని ఊరుకుంటాం, అందులో పరువు పోయేదేం లేదు. తన సంగతి తనకు పూర్తిగా తెలిసి, చెప్పాలని ఉండి, నోట్లో మాట లేకపోతే కలిగే అవమానం వేరు. ప్రవరుడు వరూధినికి ఇచ్చిన జవాబులోని మెలికలు విడమరిచి చెప్పిన మనిషి, జీపీ డాక్టరు దగ్గర కూర్చుని “పెయిన్, హియర్” అని వేలు పెట్టి చూపించడం నేను చూశాను. మనసు మంచిదైతే చాలు భాషదేముంది అనే ఓదార్పు నాకు గిట్టదు. భాషది చాలా ఉంది. అది లేనివాళ్లకు తెలుస్తుంది.

సిద్ధం చేసుకెళ్లే విషయంగా వదిన అష్టావధానం ఎంచుకుంది. నేను వద్దన్నాను.

“బిర్యానీ గురించి చెప్పు వదినా. లేకపోతే సంక్రాంతి. నీకు చెప్పడం తేలిక, వాళ్లకు అడగడం తేలిక.”

“బిర్యానీ గురించి నాకేం చెప్పాలని లేదమ్మా. అది ఎవరైనా చెబుతారు,” అంది.

ఇక చూడండి తిప్పలు. ప్రశ్నలు వేసే పృచ్ఛకుడికి ఇంగ్లీషులో మాట లేదు. దత్తపదికి లేదు. సమస్య అంటే ‘ప్రాబ్లం’ అంది, అవధానికి ఏదో ఇబ్బంది వచ్చిందని అర్థమవుతుంది వినేవాళ్లకు. నేను గొప్ప గొప్ప మాటలు ఏరి కాగితం మీద రాసిచ్చాను. ఆమె వాటిని చదివింది, మర్నాటికి మరిచిపోయింది. అవి నా మాటలు మరి. ఒకరోజు ఆ కాగితాలన్నీ పక్కకు నెట్టి, తనకున్న ఇంగ్లీషులోనే నాలుగు ముక్కలు చెప్పింది. వాటిని తెలుగులో పెడితే ఇంతే: ఎనిమిదిమంది అడుగుతారు. ఒకాయన చెబుతాడు. ఏమీ రాసుకోడు. కోపం తెచ్చుకోడు.

ఆ చివరిముక్క దగ్గర నేను ఆగిపోయాను. అవధానాల గురించి చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ధార అంటారు, ధారణ అంటారు, తిరుపతి వేంకట కవుల మీసాల దాకా అన్నీ చెబుతారు. అప్రస్తుత ప్రసంగం చేసేవాడు పక్కన కూర్చుని పద్యం మధ్యలో పుల్లవిరుపు ప్రశ్నలు వేస్తుంటే ఆ మనిషి కోపం తెచ్చుకోకపోవడం ఒక విద్య అని ఎవరూ అనగా వినలేదు. వదిన తెలుగులో ఈ విషయం ఎన్నోసార్లు చెప్పి ఉంటుంది. తెలుగులో చెప్పినప్పుడు ఆమెకు ధార, ధారణ అనే మాటలు సిద్ధంగా ఉన్నాయి, అవే వచ్చాయి. ఇంగ్లీషులో అవి లేవు కాబట్టి కోపం దాకా వెళ్లాల్సి వచ్చింది.

అవధానంలోనే నిషిద్ధాక్షరి అని ఒక అంశం ఉంది. అవధాని ఒక అక్షరం వేస్తాడు. తరవాత ఏ అక్షరం రాబోతోందో కనిపెట్టి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. అవధాని మనసులో అనుకున్న మాట అక్కడితో సరి. ఛందస్సు చెడకుండా, అర్థం తప్పకుండా ఇంకో అక్షరంతో ఇంకో దారి తొక్కాలి. చివరికి తేలేది అతను చెప్పాలనుకున్న పద్యం కాదు, అయినా పద్యమే. నడిమి స్థాయి ఇంగ్లీషులో మాట్లాడేవాళ్లు ఆడుతున్నది ఈ ఆటే. తమ మాటల కొరతే వాళ్లకు పృచ్ఛకుడు. ఎదుటివాళ్లకు వినిపించేది తేలిన పద్యం మాత్రమే. మధ్యలో ఎన్ని అక్షరాలు నిషేధానికి పోయాయో వాళ్లకు తెలియదు, అందుకే ఈ మనిషి ఆలోచనే ఇంత కాబోలు అనుకుంటారు. ఇంట్లో పిల్లలు కూడా అలాగే అనుకోవడం మొదలుపెడతారు, అది అన్నిటికంటే కష్టం.

దీన్ని మరీ పెద్దది చేసి చెప్పను. కొరతలోంచి మంచి మాట పుట్టింది ఆ ఒక్కసారే. మిగతా సాయంత్రాలు కొరత కొరతగానే ఉంది. మొగుడూ పెళ్లాలు ఒక దేశంలో కలిసి ఉండే హక్కుకూ వాక్య నిర్మాణానికీ ముడిపెట్టడం న్యాయమా అంటే, నా మట్టుకు నాకు న్యాయంగా తోచదు. ఇంగ్లీషు నేర్చుకోవడం మంచిదే కదా అని అన్నయ్య అంటాడు. మంచిదే. మంచివన్నీ వీసాకు షరతులు కానక్కర్లేదు.

ఈ పరీక్షలో ఒక నియమం మాత్రం నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేస్తుంది. అభ్యర్థి తన విషయం గురించి మాట్లాడుతూ ఎగ్జామినర్‌ను కనీసం ఒక ప్రశ్న అడగాలి. వదినకు అన్నిటికంటే కష్టమైంది ఇదే. వ్యాకరణం వల్ల కాదు. “పరీక్ష పెట్టేవాళ్లను మనం అడగడమేమిటమ్మా, బాగుండదు,” అంది. తెలుగు పండితురాలిగా ఆమె ఎన్ని ప్రశ్నపత్రాలు తయారుచేసిందో, ఎన్ని పేపర్లు దిద్దిందో. ఒక్క పిల్లవాడు కూడా తిరిగి తనను ప్రశ్న అడిగే వీలు వాటిలో ఎక్కడా లేదు. నేను ఎదుర్కొన్న వైవాల్లోనూ లేదు. మన చదువంతా ఒకవైపు నుంచే ప్రశ్నలు వచ్చే చదువు. ప్రశ్న తెలిసినవాడిది, జవాబు తెలియనివాడిది. ఇంగ్లీషులో తడబాటుకు మనం ఉచ్చారణను, గ్రామరును, పల్లెటూరి బడిని తిట్టుకుంటాం. జవాబు చెప్పడానికి తప్ప నోరు తెరిచే అలవాటు లేకపోవడం అంతకంటే పెద్ద కారణమని ఆమెతో కూర్చున్నాకే నాకు తోచింది. జవాబుకు మాటలు దొరక్కపోతే తప్పు మనదవుతుంది. అదే మనం ప్రశ్న వేస్తే, కాసేపైనా మాటలు వెతుక్కునే వంతు ఎదుటివాళ్లకు వస్తుంది. ఆ కాసేపు ఇద్దరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు.

మొదట్లో ఆమె “డు యూ లైక్ పొయెట్రీ?” అని అడుగుదామనుకుంది. సరిపోతుంది, మార్కులూ వస్తాయి. కానీ ఆ జవాబు ఏమిటో ఆమెకు అక్కర్లేదు. అడగాలి కాబట్టి అడగడం అది. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నదే అడుగుతానని చివరికి ఆమే తేల్చుకుంది. పరీక్ష రోజు అడిగిందట: పొద్దుటి నుంచీ మీ ముందు కూర్చుని ఎంతోమంది మాట్లాడారు కదా, వాళ్లు చెప్పినవన్నీ మీకు గుర్తుంటాయా? ధారణ గురించి ఇన్నేళ్లు పాఠం చెప్పిన మనిషికి సహజంగా వచ్చే సందేహమే. ఎగ్జామినర్ నవ్వి, గుర్తుండవు, అందుకే కదా రికార్డు చేస్తున్నాం అందట. ఆ తరవాత పండగల గురించి, బస్సుల గురించి ఏమేం మాట్లాడిందో వదినకు సరిగా గుర్తు లేదు. భయం మాత్రం అక్కడితో పోయిందని చెప్పింది. పాసయింది.

మీ ఇంట్లో అమ్మో, వదినో, భార్యో ఇలాంటి పరీక్షకు సిద్ధమవుతుంటే ఒకటి అడుగుతాను. పేజీలకు పేజీలు రాసిచ్చి బట్టీ పట్టించకండి. ఆ పద్ధతి ఎంతవరకు తీసుకెళ్తుందో మన ఇంటర్ ఇంగ్లీషు ఎప్పుడో చూపించింది. రోజూ కాసేపు ఎదురుగా కూర్చుని, మీకు జవాబు తెలియనివి ఏవైనా అడగండి, మిమ్మల్నీ అడగనివ్వండి. పరీక్ష అయిపోయాక కూడా ఆపకండి. ఈసారి ఆమెతో జీపీ దగ్గరికి వెళ్లినప్పుడు నొప్పి ఎప్పటి నుంచి అని డాక్టరు ఆమెను అడుగుతుంది. ఆమె మాట వెతుక్కుంటుంది. మీకు ఇంగ్లీషు ధారాళంగా వచ్చు, నాకు తెలుసు. అయినా ఆ మాట మీరు అందించకండి.