పుట్టిన ముప్ఫై రోజుల లోపు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల వెంట నడిస్తే పిల్లల ఆస్పత్రుల బోర్డులు వరసగా కనిపిస్తాయి. ఏడో నెలలో, కిలో పావు బరువుతో పుట్టిన బిడ్డని ఇప్పుడు అద్దాలపెట్టెలో పెట్టి బతికిస్తున్నారు. మా నానమ్మ తరంలో అలాంటి బిడ్డ మీద ఎవరూ ఆశ పెట్టుకునేవాళ్ళు కాదు. బతికించాక ఆ బిడ్డకి మనం ఇంకేం బాకీ పడ్డామన్నదే నా ప్రశ్న.

రెటీనాలో రక్తనాళాలు గర్భంలో 16వ వారం ప్రాంతంలో మొదలై, మధ్యలోంచి అంచులకి పాకుతూ నెలలు నిండేసరికి చివరిదాకా చేరతాయి. 28 వారాలకే పుట్టిన బిడ్డలో ఆ ప్రయాణం ఇంకా దారిలోనే ఉంటుంది. ఆక్సిజన్ ఎక్కువైతే నాళాల ఎదుగుదల ఆగిపోతుంది. కొన్ని వారాలకి, రక్తం అందని అంచు పంపే రసాయన సంకేతాల వల్ల అడ్డదిడ్డంగా కొత్త నాళాలు మొలుస్తాయి. ముదిరితే రెటీనాని లాగి ఊడదీస్తాయి. ఈ జబ్బు పేరు ఆర్‌ఓపీ.

1942లో బోస్టన్‌లో థియొడోర్ టెర్రీ దీన్ని మొదట వర్ణించాడు. 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ ఆక్సిజన్‌ని అనుమానించింది. ఆ తర్వాత ఆక్సిజన్ బాగా తగ్గించేశారు. గుడ్డితనం తగ్గింది, చావులు పెరిగాయి. 2010లో అమెరికాలో వచ్చిన 'సపోర్ట్' అధ్యయనంలోనూ అదే పేచీ: తక్కువ ఆక్సిజన్ ఇచ్చిన పిల్లల్లో తీవ్రమైన ఆర్‌ఓపీ తగ్గింది, మరణాలు ఎక్కువయ్యాయి. ఊపిరా, చూపా? తత్వశాస్త్రం క్లాసులో గంటలకొద్దీ వాదించుకోవచ్చు. నన్ను మాత్రం ఇంతకంటే చిన్న ప్రశ్న పట్టుకుని వదలడం లేదు. తల్లికి తారీఖు ఎవరు చెప్పారు?

ఎందుకంటే ఈ జబ్బు ముదిరేదాకా బయటికి కనపడదు. బిడ్డ పాలు తాగుతుంది, బరువు పెరుగుతుంది, కళ్ళు నిగనిగలాడుతుంటాయి. మన దేశంలో 2 కిలోల లోపు బరువుతో గానీ 34 వారాల లోపు గానీ పుట్టినవాళ్ళకి 30 రోజుల లోపు కంటిపరీక్ష చెయ్యాలి, మరీ చిన్నవాళ్ళకి ఇంకా ముందే. అమెరికాలో ఆ గీత 1500 గ్రాములు, 30 వారాలు. దాన్నే తెచ్చి ఇక్కడ పెట్టుకుంటే, మన దగ్గర జబ్బు వస్తున్న కాస్త పెద్ద పిల్లలు జారిపోతారు. కండిషన్లు రాసి జీతం తీసుకునేవాణ్ణి కాబట్టి అడుగుతున్నా: ఏ పిల్లల్ని చూసి ఆ అంకె వేశారు?

30 రోజులంటే మన ఇళ్ళల్లో పురిటి నెల. పసిగుడ్డుని గడప దాటించని రోజులు. డిశ్చార్జ్ కాగానే తల్లీబిడ్డా ఎల్బీనగర్‌లో బస్సెక్కి నల్గొండకో సూర్యాపేటకో, పుట్టింటికి వెళ్ళిపోతారు. "బంగారంలాంటి కళ్ళు, పరీక్షలెందుకే?" అంటుంది అమ్మమ్మ. ఆవిడ్ని మూఢురాలనడం నాకు నచ్చదు. నెలలు నిండని బిడ్డని జనంలోకి తేవద్దని చెప్పేది డాక్టర్లే కదా.

పరీక్ష కూడా చూడబుద్ధయ్యేది కాదు. రెప్పలు తెరిచి పట్టే క్లిప్పు పెడతారు, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. పరీక్ష చేసిన ఎక్కువమందికి చికిత్స అవసరమే పడదు. కొందరి చూపు కోసం అందర్నీ ఏడిపించడం న్యాయమా? న్యాయమేనంటాను. ఆ కొందరెవరో కంటిలోపలికి చూడకుండా తెలిసే దారి లేదు మరి. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిలో సుభద్ర జలాలీ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఈ ముప్ఫై రోజుల మాటే చెబుతున్నారు. రెట్‌క్యామ్ 130 డిగ్రీల మేర లోపలి బొమ్మ తీసి చూపిస్తుంది. అయినా బొమ్మ దానంతటది మాట్లాడదు. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో 22 మంది నిపుణులకి 34 బొమ్మలిస్తే, అందరూ ఒకే మాట చెప్పినవి నాలుగే. ఏఐ వచ్చేస్తోందిగా అనే మా ఆఫీసు మిత్రులకి ఈ లెక్క చెబుతుంటాను. దానికి పాఠం నేర్పేది ఆ నిపుణులే.

'కనబడలేదు' అన్న సాకు చెల్లదని కోర్టు కూడా అంది. 1996లో చెన్నై ఎగ్మూరు ప్రభుత్వాస్పత్రిలో 29 వారాలకి, 1250 గ్రాములతో ఒక పాప పుట్టింది. కంటిపరీక్ష చెయ్యలేదు, ప్రమాదముందని తల్లిదండ్రులకి చెప్పలేదు. చూపు పోయింది. 2015 జూలైలో సుప్రీంకోర్టు సుమారు 1.8 కోట్ల పరిహారం ఇప్పించింది. అప్పటికి ఆ పాపకి పద్దెనిమిదేళ్ళు.

పరీక్షలో జబ్బు ముదిరిందని తేలితే రెండు మూడు రోజుల్లోనే చికిత్స మొదలవ్వాలి. లేజర్‌తో ఆ అంచుని కాల్చి మధ్య చూపుని కాపాడతారు. కానీ అసలు పరీక్ష సంగతే డిశ్చార్జ్ కాగితం అడుగున, మందుల పేర్ల కింద, ఇంగ్లీషులో ఒక్క లైను. సూర్యాపేటలో ఉన్న ఆ అమ్మమ్మకి ఆ లైను చదివి వినిపించేదెవరు?