రెండవ స్పర్శ

క్రీస్తుప్రభువు చేసిన స్వస్థతలలో రెండు విడతలుగా జరిగినది ఒక్కటే కలదు. అది మార్కు సువార్త ఎనిమిదవ అధ్యాయమున మాత్రమే కనబడును, తక్కిన మువ్వురు సువార్తికులును దానిని వ్రాయలేదు. బేత్సయిదా గ్రామమున జనులు ఒక గ్రుడ్డివానిని ఆయనయొద్దకు తోడ్కొనివచ్చిరి. ఆయన వాని చేయి పట్టుకొని ఊరి వెలుపలికి నడిపించుకొనిపోయి, కన్నులను తడిపి, చేతులుంచి, ఏమైనను కనబడుచున్నదా యని యడిగెను. వాడు లేని తేటదనమును ఉన్నట్లు నటింపక, మనుష్యులు తనకు నడయాడు చెట్లవలె తోచుచున్నారని యథార్థముగా చెప్పెను. అప్పుడు ప్రభువు మరల చేతులుంచెను. వానికి సమస్తమును స్పష్టమాయెను. తుపానును ఒక్క మాటతో అణచినవానికి రెండవసారి చేయి యుంచవలసిన యవసరమేమి యని శంకించువారు గలరు. దానికి సమాధానము అదే అధ్యాయమున, మరికొన్ని వచనముల తరువాతనే యున్నదని నా విశ్వాసము. ఫిలిప్పుదైన కైసరయ ప్రాంతమున పేతురు ఆయనను క్రీస్తని యొప్పుకొనెను. ఆ యొప్పుకోలు సత్యమే. కాని ఆ క్రీస్తు శ్రమలనుభవించి చంపబడవలెనని వినినంతనే ఆ పేతురే ప్రభువును గద్దింపసాగెను. చూపు వచ్చినది గాని తేటదనము ఇంకను రాలేదు.

మన ఉద్దానపు ప్రజలకు ఈ వృత్తాంతము తక్కినవారికంటె సులభముగా బోధపడవలెను. సోంపేట స్టేషనను పేరుతో కంచిలిలో ఆగు రైలు దిగి, ఒకరి భుజముపై చేయి వేసికొని, సోంపేటలోని ఆరోగ్యవరము నేత్రవైద్యశాలకు పోవు మార్గము మనకు క్రొత్త కాదు. కెనడా బాప్టిస్టు మిషను పక్షమున అచ్చట సేవచేసిన డాక్టరు బెన్ గలిసన్ స్వదేశమునకు పోయి తన రోగుల సంగతి చెప్పగా, కాల్గరీ నగరపు వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ ఆ మాటలు విని 1963లో ఆపరేషన్ ఐసైట్ అను సంస్థను నెలకొల్పెను. ఈనాడు పలుదేశములలో అంధత్వనివారణకై పాటుపడుచున్న ఆ సంస్థకు బీజము పడినది మన సోంపేటలోనే. ఆ దినములలో శుక్లము తీయించుకొన్నవాడు కంటికి కట్టుతో, తల కదలింపక, దినములకొలది మంచముననే పడియుండవలసివచ్చెడిది. కట్టు విప్పిననాడు వానికి తెలిసినది వెలుగును, ఆ వెలుగులో మసకమసకగా కదలు ఆకారములును మాత్రమే. శుక్లము పట్టిన కటకమును పూర్తిగా తీసివేసియుండుటచే, దళసరి అద్దముల కళ్ళజోడు ముక్కుపైకి వచ్చువరకు మనుమని ముఖము పోల్చుకొనుట సాధ్యము కాకుండెను. కట్టు విప్పగానే రోగిని మిట్టమధ్యాహ్నపు టెండలో నిలువబెట్టు వైద్యుడెవడును లేడు. కంటి స్థితి నెరిగి వెలుగును పాళ్లుగా నిచ్చుట వైద్యుని అశక్తత కాదు, దయ.

పరిశుద్ధ గ్రంథమంతయు ఈ దయకు సాక్ష్యమే. దేవుడు అబ్రాహామును పిలిచినప్పుడు పోవలసిన దేశమును ముందుగా చూపలేదు; బయలుదేరుమని మాత్రమే సెలవిచ్చెను. డెబ్బదియైదవ యేట బయలుదేరిన యా వృద్ధుడు కుమారుని ముఖము చూచుటకు నూరవయేడు రావలసియుండెను. ఆ నడిమి యిరువదియైదు సంవత్సరములలో వాగ్దానమును కొంచెము కొంచెముగా విప్పుచు, ఒకమారు నక్షత్రములను చూపి, ఒకమారు పేరు మార్చి, అతని విశ్వాసము మోయగలిగినంతయే దేవుడు బయలుపరచెను. పితరులకు సర్వశక్తిగల దేవునిగా ప్రత్యక్షమైనవాడు తన నామమును మోషేకు మరింత సన్నిహితముగా తెలియజేసెను. ప్రవక్తలు ధర్మశాస్త్రముకంటె దూరము చూచిరి. తుదకు కుమారునియందు దేవుడు సంపూర్ణముగా మాటలాడెనని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక ఆరంభముననే ప్రకటించుచున్నది. ఆ కుమారుడును కడరాత్రి భోజనపు బల్లయొద్ద, చెప్పవలసినవి ఇంకను అనేకములున్నను ఇప్పుడు మీరు భరింపజాలరని శిష్యులకు తెలిపి, సత్యమంతటిలోనికి నడిపించు పనిని పరిశుద్ధాత్మకు అప్పగించెను.

మన తెలుగు దేశమునకు వాక్యము వచ్చిన తీరును ఇట్టిదే. 1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషనువారైన క్రాన్, దెగ్రాంజ్ అనువారు ఆనందరాయరను తెలుగు సహాయకునితో కలసి అనువాదమునకు పూనుకొనిరి. వారిద్దరును అచ్చుపుస్తకమును చూడకయే కన్నుమూసిరి. 1812లో శ్రీరామపురమున అచ్చుపడినవి మత్తయి, మార్కు, లూకా సువార్తలు మూడే. క్రొత్త నిబంధన 1818లో వచ్చెను. సంపూర్ణ గ్రంథమునకు తెలుగువారు ఆ శతాబ్ది నడిమివరకు వేచియుండవలసివచ్చెను. 1803లో మనకు చేరువనేయున్న పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించిన పురుషోత్తమ చౌదరి, కరపత్రముల మూలమున క్రీస్తును గూర్చి తెలిసికొని, 1833లో కటక్ నగరమున బాప్తిస్మము పొందునాటికి తెలుగున ఆదికాండము మొదలు ప్రకటన వరకు గల గ్రంథము ముద్రింపబడియుండలేదు. తనకు లభించినంత వెలుగులోనే ఆయన లేచి నడచెను. 1890లో దివంగతుడగువరకు ఆయన కూర్చిన కీర్తనలు నేటికిని మన సంఘములలో పాడబడుచున్నవి. గ్రంథమంతయు చేతికి వచ్చినపిదప నమ్మెదనని ఆయన కూర్చుండియున్నచో మనకెంతటి లోటు కలిగియుండెడిదో యోచింపుడు.

ఎదుగుదలకు సిగ్గుపడనక్కరలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను నేలకూల్చిన తోటలలో మరల నాటిన కొబ్బరిమొక్కలను చూచినవారెరుగుదురు: లేతమొక్క తొలియాకులు చీలిక లేక ఒకే రేకుగా నుండును, మొక్క బలిసిన పిమ్మటగాని ఆకు ఈనెలుగా విడిపోదు. తొలియాకు తప్పుడాకు కాదు. అయినను చెట్టు అచ్చటనే ఆగిపోయినచో రైతు దిగులుపడును. పాలు త్రాగవలసినవారికి పాలిచ్చితినని కొరింథీయులకు పౌలు వ్రాసినప్పుడు ఆయన వ్యథ వారు శిశువులైరని కాదు, ఏండ్లు గడచినను శిశువులుగానే నిలిచిరని.

ఏల నిలిచిపోవుదురు? ఈ విషయమున పేతురు జీవితమే మనకు గురువు. యొప్పేలో, సముద్రపుటొడ్డున చర్మకారుడైన సీమోను ఇంటి మిద్దెమీద, ఆకాశమునుండి దిగిన దుప్పటి దర్శనము ఆయనకు ముమ్మారు కలిగెను. అయినను అర్థము కాలేదు. అర్థమైనది మిద్దెమీద కాదు: అన్యజనుడైన కొర్నేలి పంపిన మనుష్యులకు ఆతిథ్యమిచ్చి, మరునాడు వారితో కూడ కైసరయకు నడచిపోయి, అంతవరకు తాను కాలుపెట్టని యింటి గడపను దాటినప్పుడు. ప్రభువుతో కూడ భుజించినవాడు, పునరుత్థానమునకు సాక్షి, పెంతెకొస్తు దినమున వేలమందికి బోధించినవాడు సైతము ఏ మనుష్యునిని అపవిత్రుడని యెంచరాదను పాఠమును అంత ఆలస్యముగా నేర్చుకొనెను. మన గ్రామములలో ఈ దర్శనమునకు భాష్యము చెప్పనక్కరలేదు. ఒకే పాత్రలోని ప్రభురాత్రి భోజనము పుచ్చుకొని, పెండ్లిసంబంధముల వేళను సమాధిస్థలముల వేళను కులము నడుగు విశ్వాసి ఎంత ప్రార్థనాపరుడైనను, ఇంకను యొప్పే మిద్దెమీదనే యున్నాడు. దేవుడు క్రొత్త సంగతి చెప్పుటలేదని అట్టివాడు వగచుట వ్యర్థము. చెప్పినదానిలో నడువనివానికి తరువాతి సంగతి వినబడదు.

ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. అంచెలంచెలుగా కలుగు ప్రత్యక్షతయనగా దినమొక నూతన సిద్ధాంతము కాదు. స్వప్నములను దర్శనములను ప్రకటించి జనులను తమచుట్టు త్రిప్పుకొనువారు ఏ కాలముననైనను ఉందురు. క్రీస్తును మరింత స్పష్టముగా చూపని వెలుగు, సిలువను ప్రక్కకు త్రోయు వెలుగు, వినువానిని వినయమునకు బదులు గర్వమునకు నడిపించు వెలుగు పరిశుద్ధాత్మునిది కాదని నిస్సంశయముగా చెప్పవచ్చును. బయలుపడవలసినవాడు క్రీస్తునందు బయలుపడినాడు. పెరుగవలసినది మన కన్ను.

అపొస్తలుల కార్యములు పదునెనిమిదవ అధ్యాయమున అపొల్లో అను విద్వాంసుడు ఎఫెసు సమాజమందిరమున ధైర్యముగా బోధించెను. అతడెరిగినది యోహాను బాప్తిస్మము మాత్రమే. డేరాలు కుట్టి జీవించు అకుల, ప్రిస్కిల్ల అను దంపతులు అతని బోధలోని కొరతను గుర్తించిరి. సభలో నిలువదీసి అవమానింపలేదు, వదలివేయనులేదు, తమయొద్దకు చేర్చుకొని దేవుని మార్గమును మరింత పూర్తిగా విశదపరచిరి. కంచిలి, సోంపేట, పలాస, టెక్కలి ప్రాంతములలోని సంఘపెద్దలకు నా విన్నపమిది: నిరుడు బాప్తిస్మము పొందిన యువకుడు అమాయకపు ప్రశ్న యడిగినప్పుడు నవ్వకుడు; ఆదివారపు ఆరాధన ముగిసినపిదప అతనిని మీ యింటికి భోజనమునకు పిలిచి, చాపమీద ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మీరెరిగినంతవరకు ఓపికతో వివరింపుడు.