చిత్రాభ్యాసంలో ప్రగతికి కొలబద్ద ఏది?

బొమ్మలు వేయడం నేర్చుకొనేవాడు చెడిపోయిన బొమ్మను తన స్కెచ్‌బుక్కులోంచి చింపివేయవచ్చునా? పుస్తకం వాడిది, పెన్సిలు వాడిది, మధ్య మనమెవరం అనిపించవచ్చు. అయితే ఈ చిన్న ప్రశ్న వెనుక మరొకటి దాగి వున్నది: ప్రగతి అంటే ఏమిటి, దాన్ని కొలిచేదెవరు?

షేక్‌పేటలో నాకు తెలిసిన విద్యార్థి ఒకడున్నాడు. ఫిలింనగర్ దిక్కున కొండరాళ్లు పగలగొట్టి లేపుతున్న మేడల దగ్గర సాయంకాలాలు కూర్చుని, ఇటుకలు మోసే ఆడకూలీల బొమ్మలు వేస్తాడు. ప్రతి పేజీ కింద తేదీ వేస్తాడు. జనవరి పేజీలో చేతులు కుదరలేదు, ముఖం ముఖంలా లేదు. ఆగస్టు పేజీలో వెలుగునీడలు చక్కగా అమిరినవి. "ఎంత ముందుకు వచ్చానో చూడండి, మాస్టారూ! ఆ మొదటి పేజీలు చింపేద్దామనుకుంటున్నాను" అన్నాడు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. ఆ వికారమైన జనవరి బొమ్మలో మెడ కుంగి వున్నది. తలపై బరువున్నదని తెలుస్తున్నది. ఆగస్టు బొమ్మలోనిది సినిమా పోస్టరు మీది నాయిక మెడ. చెయ్యి సాగింది, కన్ను వెనక్కు పోయింది. తొలి పేజీ చింపివుంటే ఈ సంగతి వాడికీ తెలియదు, నాకూ తెలియదు. ఆత్మవిమర్శ అని మనం సభల్లో ధారాళంగా వాడే మాటకు (నేనూ వాడినవాణ్ణే) ఇంతకంటె నమ్మకమైన దస్తావేజు నేనెరుగను.

చెయ్యి కుదరడం తప్పేమీ కాదు. మాధవపెద్ది గోఖలే అభ్యుదయ కథకుడు. కళాధర్‌తో కలిసి 1957 నాటి "మాయాబజార్"కు కళాదర్శకుడు కూడా. సెట్టుకు వేసిన గీత వడ్రంగి చేతికి పోయి కొయ్య కావాలి, ప్లాస్టరు పనివాడి చేతికి పోయి గోడ కావాలి. గీత తప్పయితే వాళ్లే చెబుతారు. అంటే అక్కడ కొలబద్ద చిత్రకారుని జేబులో లేదు. సోమనాథ్ హోర్ 1946 డిసెంబరులో, పాతికేళ్ల వయసున, రంగపూర్ ప్రాంతపు తెభాగా రైతుల మధ్య తిరుగుతూ డైరీ రాశాడు, బొమ్మలు గీశాడు. చిత్తప్రసాద్ 1943 కరువులో మేదినీపూర్ తిరిగి గీసిన బొమ్మల పుస్తకం "హంగ్రీ బెంగాల్" ప్రతులను తెల్లదొరల ప్రభుత్వం తగలబెట్టింది. ఉత్త వెలుగునీడలకు ఏ ప్రభుత్వమూ అంత భయపడదు.

ఈ పోలిక మా కుర్రవాడికి అన్యాయమేమో. వాడింకా నేర్చుకుంటున్నాడు, ముందు చెయ్యి కుదరనీయండి, బరువు సంగతి తర్వాత అంటారు కొందరు ఉపాధ్యాయులు. ఈ "తర్వాత"ను నేను నమ్మను. ఎనిమిది నెలలు మెడను నిటారుగా వేయడానికి అలవాటుపడుతూ వచ్చిన చెయ్యి తొమ్మిదో నెలలో తనంతట తాను దాన్ని వంచదు.

"బొమ్మను ఆమెకు చూపించావా?" అని అడిగాను. లేదన్నాడు. మరుసటి వారం చూపించాడట. పాలమూరు నుంచి వచ్చిన మనిషి, నవ్వి, "గిన్ని ఇటుకలు మోస్తె మెడ గట్ల నిలవడ్తదా, బిడ్డా?" అన్నదట.

జనవరి పేజీ పుస్తకంలోనే వున్నది. ఆగస్టు పేజీ తర్వాతి పేజీలో మనిషి లేదు. మెడ మాత్రం పదకొండుసార్లు వేసి వున్నది. పదకొండూ తప్పే. కింద తేదీ వేశాడు.