మర్రిగింజలో ఏమీ కనిపించలేదు

పన్నెండేళ్లు గురుకులంలో చదువుకుని, తనకు అన్నీ వచ్చేశాయన్న ధీమాతో శ్వేతకేతు ఇంటికి వచ్చాడు. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్లు. తండ్రి ఉద్దాలకుడు కొడుకు చేత వేదం వల్లె వేయించి మురిసిపోలేదు. పనులు పురమాయించాడు. ఒకసారి మర్రిపండు తెమ్మన్నాడు. చిదమమన్నాడు. ఏం కనిపిస్తోందని అడిగాడు. సన్నసన్నని గింజలున్నాయన్నాడు కొడుకు. ఒక గింజను కూడా చిదిమి చూడమన్నాడు తండ్రి. చిదిమి చూసిన శ్వేతకేతు తనకేమీ కనిపించడం లేదని చెప్పాడు.

ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలోని ఈ ఘట్టం చెప్పేవాళ్లు సాధారణంగా తండ్రి మాట దగ్గర ఆగుతారు. ఆ కంటికి ఆనని సూక్ష్మంలోంచే ఇంత మర్రిచెట్టు లేచిందని, ఆ సత్తే నీవని చేసిన బోధ అది. కొడుకు మాట దగ్గర ఆగేవాళ్లు తక్కువ. ఎదురుగా తండ్రి, ఆయనే గురువు. ఏదో గొప్ప జవాబు కోసమే అడుగుతున్నాడని తెలుస్తూనే ఉంది. అయినా శ్వేతకేతు చూడనిది చూశానని అనలేదు. ఉపనిషత్తు ఆ 'ఏమీ లేదు'ను తప్పు పట్టలేదు సరికదా, ఆ సత్తే నీవన్న మహావాక్యాన్ని దాని మీదే నిలబెట్టింది.

జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లోకి వస్తే కథ తలకిందులవుతుంది. లఘులోలకం ప్రయోగమే తీసుకుందాం. చీల్చిన బెండు మధ్య బిగించిన దారం, దాని చివర లోహపు గుండు, చేతిలో స్టాప్‌వాచ్. ఇరవై డోలనాలకు పట్టిన కాలం కొలిచి, దాన్నుంచి గురుత్వ త్వరణం కట్టాలి. పుస్తకంలో 9.8 ఉంది. పిల్లవాడికి 10.8 వచ్చింది. ఆ తర్వాత ఏం జరుగుతుందో ల్యాబ్‌లో నిలబడి ఎరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. జవాబు దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క కడతారు, రావలసిన సెకన్లను పట్టికలో నింపుతారు. చివర 'ఫలితం' అన్న మాట ఎదురుగా 9.8 చేరుతుంది. రికార్డు మీద సంతకం పడుతుంది.

ఆ దిద్దుబాటులో ఏం పోయిందో చూడాలి. గుండు వదిలిన క్షణాన్ని 'సున్నా' అనకుండా 'ఒకటి' అని లెక్క మొదలుపెడితే, ఇరవై అనుకున్న డోలనాలు నిజానికి పంతొమ్మిదే. మీటరు పొడవున్న లోలకానికి 40.2 సెకన్లు రావలసింది 38.2 వస్తుంది. దాన్ని ఇరవైతో భాగించి సూత్రంలో వేస్తే తేలేది 10.8! పొరపాటు ఎక్కడ దొర్లిందో ఆ అంకెలోనే భద్రంగా రాసి ఉంది. చదవడం వచ్చిన మాస్టారికి అది చాలు. రబ్బరుతో చెరిపేస్తే పిల్లవాడికి 9.8 మిగులుతుంది, అది అతనికి ముందే తెలుసు.

ఇంతకీ ఆ 9.8 అన్ని ఊళ్లకూ ఒకటి కాదు. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ, నేల ఎత్తు పెరిగే కొద్దీ గురుత్వం రవంత తగ్గుతుంది. ప్రామాణిక విలువ 9.80665 అయితే, హైదరాబాదులో నిజమైన విలువ 9.78 చుట్టుపక్కల ఉంటుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో సెకనులో ఐదో వంతు తేడా వచ్చినా జవాబు 0.1 దాకా కదులుతుంది కాబట్టి, రెండో దశాంశం గురించి ఆ పరికరంతో గట్టిగా మాట్లాడలేం. అయినా అదృష్టం కొద్దీ 9.78 వచ్చిన పిల్లవాడు దాన్ని కొట్టేసి 9.81 రాసుకున్నాడంటే, తన కాళ్ల కింది నేల చెప్పిన మాటను కాదని ఎక్కడిదో ఊరి అంకెను నమ్మినట్టే.

మన భాషలో పండూ ఫలమే, ప్రయోగం చివర వచ్చేదీ ఫలితమే. ఫలాపేక్ష లేకుండా కర్మ చేయమన్న గీతాబోధను జనం ఉద్యోగాలకూ, సంసారానికీ అన్వయిస్తుంటారు. కొలతకు నప్పినంత సూటిగా అది మరెక్కడా నప్పదు. ఫలానా అంకే రావాలన్న కోరిక మనసులో పడ్డాక, చూపు ఆ వైపే ఒరుగుతుంది. కోరిక చెడ్డది కానక్కర్లేదు. పాసవ్వనేమోనన్న భయం, మాస్టారి మీద గౌరవం కూడా చాలు.

పెద్దవాళ్లకూ ఈ ఒరుగుబాటు తప్పలేదు. నూనెచుక్కల ప్రయోగంతో ఎలక్ట్రాన్ ఆవేశాన్ని కొలిచిన రాబర్ట్ మిలికన్ 1913 నాటి పత్రంలో 58 చుక్కల లెక్క ఇచ్చి, వరుసగా 60 రోజుల్లో చూసినవన్నీ అవేనన్నాడు. ఆయన నోట్‌బుక్కులు తర్వాత చరిత్రకారుల చేతికొచ్చాయి. వాటిలో అంతకంటే చాలా ఎక్కువ చుక్కలున్నాయి. వదిలేసినవి కలిపినా జవాబు పెద్దగా మారదని తర్వాతి లెక్కలు తేల్చాయి. అయినా 'అన్నీ' అన్న మాట నిజం కాదు. గాలి స్నిగ్ధతకు వాడిన విలువ సరిగా లేక ఆయన జవాబు కాస్త తక్కువగా వచ్చింది. ఆ తర్వాత కొలిచినవాళ్లు ఒక్కసారిగా సరైన విలువకు చేరలేదనీ, మెల్లమెల్లగా పైకి జరిగారనీ భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ 1974లో కాల్‌టెక్ పట్టభద్రులకు చెప్పాడు. మిలికన్ కంటే బాగా ఎక్కువ వస్తే తమ ప్రయోగంలోనే తప్పు వెతుక్కున్నారట, దగ్గరగా వస్తే వెతకలేదట. మహామహుల పట్ల భక్తి కూడా తక్కెడను వంచగలదు.

భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ కథ దీనికి ఎదురు. గాలి నుంచి తీసిన నైట్రోజన్, రసాయనాల నుంచి తీసినదానికంటే అర శాతం ఎక్కువ బరువు తూగింది. అంత చిన్న తేడాను ఏ విద్యార్థైనా 'ప్రయోగ దోషం' అని రాసి దాటేస్తాడు. రేలీ దాటలేదు. మళ్లీ మళ్లీ తూచినా తేడా పోలేదు. విలియం రామ్సేతో కలిసి దాని అంతు చూస్తే, 1894లో ఆర్గాన్ బయటపడింది. మనుషులు పుట్టినప్పటినుంచీ పీలుస్తున్న గాలిలో దాదాపు ఒక శాతం ఉన్న ఆ వాయువు సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

అయితే చూసింది చూసినట్టు రాయడంతో సగం పనే అవుతుంది. దానికి అర్థం చెప్పడం వేరే పని, వేరే ప్రమాదం. ఉద్దాలకుడే కొడుకును పదిహేను రోజులు తిండి మానేసి నీళ్లు మాత్రం తాగమన్నాడు. పదహారో రోజున శ్వేతకేతుకు వేదం గుర్తుకు రాలేదు. అన్నం తిన్నాక అంతా వచ్చింది. మనసు అన్నమయమని తండ్రి తేల్చాడు. గణాంకశాస్త్రం చదివినవాళ్లకు ఇక్కడ ప్రశ్నలు పుడతాయి. పాల్గొన్నది ఒక్కడే కదా? నీరసించింది మనసా, మొత్తం ఒళ్లా? ఈ ప్రశ్నలు అడగడం వల్ల ఉపనిషత్తుకు అపచారం జరగదు. శంకరుల సంప్రదాయంలో బ్రహ్మానికి ప్రమాణం శ్రుతే. మర్రిగింజ బుద్ధికి దారి చూపే దృష్టాంతం. దృష్టాంతాన్ని రుజువుగా చలామణీ చేస్తే విజ్ఞానానికీ, వేదాంతానికీ కూడా నష్టమే.

ఈ జాగ్రత్తను న్యాయదర్శనం ఎంతో నిశితంగా నేర్పింది. పొగ ఉంటే నిప్పు ఉంటుందన్నది సరే. నిప్పు ఉంటే పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగకు తడి కట్టె కావాలి. ఇలా చాటున ఉండి బంధాన్ని నడిపించేదాన్ని నైయాయికులు 'ఉపాధి' అన్నారు. బడిలో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అందరి చెప్పుల సైజూ, చదివే వేగమూ కొలిచి గ్రాఫు గీస్తే, పెద్ద చెప్పులవాళ్లు వేగంగా చదువుతారని తేలుతుంది. ఇక్కడ ఉపాధి వయసు. ఒకే తరగతి పిల్లల్ని విడిగా కొలిస్తే ఆ సంబంధం చాలావరకు కరిగిపోతుంది. నైయాయికుల తర్కసంగ్రహం చదివినవాడికి ఈ పాఠం కొత్తది కాదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1945లో ఈ జాగ్రత్తను ఇంకో మెట్టు ఎక్కించారు. నిష్పాక్షికంగా వేసే అంచనా ఎంత తెలివైనదైనా, దాని చెదురును ఒక హద్దు కంటే తగ్గించలేమని, ఆ హద్దును దత్తాంశంలో ఉన్న సమాచారమే నిర్ణయిస్తుందని నిరూపించారు. నేడు ప్రపంచం దాన్ని క్రామర్-రావు హద్దు అంటోంది. మనకు తెలియనిది ఎంతో కొలిచి చెప్పవచ్చన్నమాట. 9.8 అని రాసిన పిల్లవాడికంటే 9.7, అటూ ఇటూ 0.1 అని రాసిన పిల్లవాడు ఎక్కువ తెలిసినవాడు. మార్కులు కూడా అలాగే పడాలి.

అలా మార్కులు వేసే మాస్టారు 10.8 చూసి కోప్పడడు. రికార్డు పక్కన పెట్టి, గుండు లాగి, పైకి లెక్కపెట్టమంటాడు. 'ఒకటి' అని మొదలుపెట్టగానే ఆపుతాడు.

ఏమీ కనిపించలేదన్న శ్వేతకేతు కూడా తండ్రి చెప్పింది విని ఊరుకోలేదు, ఇంకా చెప్పమని అడిగాడు. ఉద్దాలకుడు సరేనని, నీళ్లలో ఉప్పు వేసి ఉంచి పొద్దున్నే రమ్మన్నాడు. తెల్లవారి ఉప్పు కోసం నీళ్లలో చెయ్యి పెట్టి దేవితే దొరకలేదు. పైనుంచి ఒక గుక్క తాగి చూడమన్నాడు, మధ్యనుంచి ఒకటి, అడుగునుంచి ఒకటి. మూడుసార్లూ ఎలా ఉందని అడిగాడు, మూడుసార్లూ కొడుకు నాలుకకు తగిలిందే చెప్పాడు.