కర్త యెవ్వడు?

బాసరలో గోదావరి యొడ్డునకు కూతవేటు దూరమున నున్న యొక సత్రములో, ఒకనాటి తెల్లవారుజామున, నదీస్నానమునకు బయలుదేరబోవుచు నేను వినిన మూడు మాటలు ఇన్నినాళ్లుగా నా మనస్సును విడువకున్నవి. ముధోలు వైపునుండి వచ్చిన యొక కుటుంబము, చిన్నబిడ్డకు అక్షరాభ్యాసము చేయింపవలెనని, ముందునాటి రాత్రియే వచ్చి పక్కగదిలో దిగియుండెను. వారి పెద్దపిల్లవాడు, ఏడేండ్లవాడు, పక్క తడిపెను. "మళ్ల తడిపినవారా! తమ్మునికి పలక పట్టిస్తున్నం, నీకు సిగ్గన్న లేదా?" అని తల్లి వాని వీపున నొకటి చరచెను. కొంతసేపటికే ఆ గదిలో, రెండేండ్ల క్రిందట పక్షవాతము వచ్చి కుడిప్రక్క పడిపోయిన ఆమె మామగారి దుప్పటియు తడిసియున్నట్లు తెలిసినది. ఆమె కంఠము వెంటనే మారినది. "ఏం గాదు మామా, మీరు లేవకుండ్రి, నేను మారుస్త" అనెను. పూర్వము బడిపంతులుగా నుండిన ఆ వృద్ధుడు "గదే, గదే" అని మాత్రము పలికెను; వ్యాధి వచ్చిన నాటినుండి ఆయన నోట మిగిలిన మాట యదియొక్కటేయట. వరండాలో కూర్చున్న మరియొక యాత్రికురాలు ఇదియంతయు చూచి, "ఏ జన్మల చేసిన పాపమో" అని నిట్టూర్చెను.

ఆ తల్లిని నేను నిందింపను. నిద్రలేని కన్నులతో, చలిలో, కుళాయి దగ్గర కూర్చుండి రెండు దుప్పట్లను ఒక్కతెయే ఉతికిన స్త్రీని నిందించుటకు నా నోరు రాదు. కాని ఒకే గదిలో, ఒకే రాత్రి, ఒకే విధమైన కార్యము జరుగగా, బాలుని విషయమున అది దోషముగను, వృద్ధుని విషయమున దురదృష్టముగను, వినువారి నోట జన్మాంతర పాపముగను ఎట్లు మారినదని నాలో నేను ప్రశ్నించుకొంటిని. ఆ మూడు తీర్పులకును అడుగున నున్న ప్రశ్న యొక్కటే: జరిగినదానికి కర్త యెవ్వడు?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు బాసరను మించిన చోటు లేదు. కురుక్షేత్ర సంగ్రామానంతరము మనశ్శాంతి గోరి వ్యాసమహర్షి ఈ తీరమునకు వచ్చి, దినదినము నదిలో స్నానమాడి పిడికిళ్లతో ఇసుక దెచ్చి మూడు కుప్పలుగా పోయగా, అవియే సరస్వతీ లక్ష్మీ కాళీ మూర్తులైనవని స్థలపురాణము. ఆ వ్యాసుడే భారతకర్త. ఆ భారతములోనిదే భగవద్గీత. గీతయొక్క పదునెనిమిదవ అధ్యాయమున శ్రీకృష్ణుడు ఏ కర్మ సిద్ధించుటకైనను కారణములు అయిదని చెప్పుచున్నాడు: అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము. శంకరభగవత్పాదులు దీనిని వ్యాఖ్యానించుచు, అధిష్ఠానమనగా శరీరమనియు, కరణములనగా ఇంద్రియములనియు, చేష్టలనగా ప్రాణాపానాది వాయువుల వ్యాపారములనియు, దైవమనగా కన్ను మొదలగు ఇంద్రియములకు అనుగ్రాహకులైన ఆదిత్యాది దేవతలనియు వివరించిరి. మనము సాధారణముగ దైవమనగనే తలరాత యనుకొందుము. ఆచార్యులకు అది ఇంద్రియమునకు తోడ్పడు శక్తి, శిక్షించు శక్తి కాదు. ఇట్లు అయిదు కారణములుండగా కేవలము ఆత్మనే కర్తగా జూచువాడు సరిగా చూచువాడు కాడని గీత వెంటనే హెచ్చరించుచున్నది. ఆ హెచ్చరికను మనము వేదాంతసభలలో వినుదుము గాని, తడిసిన పక్క యెదుట మరచుచుందుము.

ఇక ఏడేండ్ల బాలుని తీసికొందము. మూత్రవిసర్జనము అపానవాయువు పని యని మన ఆయుర్వేదము చెప్పినది; నిద్రలో పక్క తడుపుటకు శయ్యామూత్రమని పేరును బెట్టినది. పాశ్చాత్య వైద్యులు ఆ యపానముయొక్క త్రోవను వెదకుచు పోగా, 1925లో లండనులో బారింగ్టను అను శస్త్రవైద్యుడు, మెదడు కాండమున మూత్రాశయమును ముడుచుకొనజేయు స్థానమొకటి కలదని పిల్లులపై పరీక్షించి కనుగొనెను. పసిబిడ్డలో ఆ స్థానమే యజమాని. మూత్రాశయము నిండగనే ఆజ్ఞ యగును, పని జరిగిపోవును. బిడ్డ పెరిగినకొలది నుదుటి వెనుకనున్న మెదడు భాగము ఆ యాజ్ఞను పట్టి నిలిపి, "ఇది వేళయా, ఇది చోటా" యని విచారింప నేర్చుకొనును. పగటిపూట ఈ విద్య ముందుగా అబ్బును. రాత్రి, నిద్రలోనే యుండి ఆ సందేశమును విని మేల్కొనుట కడు కష్టమైన పాఠము. కొందరు బిడ్డలకు అది ఆలస్యముగా వచ్చును. దీనికి తోడు రాత్రివేళ మూత్రోత్పత్తిని తగ్గించు వాసోప్రెసిన్ అను రసము కొందరి శరీరములలో చాలినంత పెరుగదని 1980ల దశకమున డెన్మార్కుదేశపు ఆర్హస్ నగర పరిశోధకులు చూపిరి. మలబద్ధము మూత్రాశయమును ఒత్తి ఇరుకు చేయుటయు కలదు. ఇన్నిటిలో బాలుని సంకల్పమునకు చోటెక్కడ? నిద్రించువానికి సిగ్గుపడుట సాధ్యమా?

అయిదేండ్ల వయసున నూరుగురు బిడ్డలలో సుమారు 15 మంది పక్క తడుపుదురు. ఏటేట వారిలో ఇంచుమించు నూటికి 15 మంది ఏ చికిత్సయు లేకయే మానుదురు. తల్లిదండ్రులిరువురికిని బాల్యమున ఈ బాధ యుండినచో బిడ్డలలో నూటికి 77 మందికి, ఒక్కరికే యుండినచో 44 మందికి, ఎవరికిని లేనిచో 15 మందికి మాత్రమే ఇది వచ్చునని లెక్కలు చెప్పుచున్నవి. ఈ సంఖ్యలను చదివినప్పుడు నాకు కలిగిన వ్యథ యిట్టిది: బిడ్డను కొట్టుచున్న చేయి, అనేక గృహములలో, తన బాల్యమున అదే కారణమునకు దెబ్బలు తినిన వారి చేయియై యుండును. ఆ సంగతి వారెన్నడును ఎవరికిని చెప్పియుండరు. చెప్పినచో బిడ్డకు సగము భయము తీరెడిది.

చికిత్స చరిత్రలో ఒక విశేషము కలదు. 1904లో ఫౌండ్లరు అను శిశువైద్యుడు, ఆసుపత్రిలో పక్క తడిసిన వెంటనే దాదులకు తెలియుటకై గంట మ్రోగు పరికరమొకటి అమర్చగా, కొన్నాళ్లకు బిడ్డలే పక్క తడుపుట మానివేయుట చూచి ఆశ్చర్యపడెను. 1938లో అమెరికాలో మౌరరు దంపతులు ఆ పద్ధతిని చికిత్సగా ప్రకటించిరి. నేటికిని దానిని వాడినవారిలో మూడింట రెండువంతుల మందికి ఫలించుచున్నది. గంట శిక్షించుట లేదు. నిద్రించు మెదడును మరల మరల పిలుచుచున్నది. కొన్ని వారములకు గంట మ్రోగకముందే బిడ్డ లేచును. దీనికి మన భాషలో తగిన పేరు అభ్యాసము. బాసరలో పలకపై చేయించునదియు నదియే.

వృద్ధుని విషయమున జరిగినది ఆ బాటనే వెనుకకు నడచుట. నుదుటి వెనుకనున్న మెదడు భాగము దెబ్బతినిన రోగులు మూత్రముపై అదుపు కోల్పోవుదురని 1964లో ఆండ్రూ, నేథన్ అను లండను వైద్యులు వివరముగా వ్రాసిరి. పక్షవాతముతో ఆసుపత్రిలో చేరినవారిలో తొలిదినములలో ఇంచుమించు సగము మందికి ఈ యిక్కట్టు కలుగును. ఏడాది గడచునప్పటికి అది నూటికి 15 మందిలో మాత్రమే మిగులును. కోలుకొన్నవారు నేర్చుకొన్నదానిని మరల నేర్చుకొందురు. బాలుడు ఇంకను చేరని మెట్టు, తాత జారిన మెట్టు ఒక్కటే. ఒకనికి దెబ్బ, ఒకనికి ఓదార్పు లభించుట, ఈ యెరుక మనకు లేకుండుటవలననే.

పక్షవాతమున పడిపోయిన చేయి విషయమునను ఇట్లే. 2006లో ప్రకటింపబడిన అమెరికా పరీక్ష యొకటి 222 మంది పక్షవాతరోగులతో జరిగినది. బాగుగా నున్న చేతికి మెత్తని తొడుగు వేసి కట్టి, రెండు వారములు పడిపోయిన చేతినే పని చేయించగా అది గణనీయముగా కోలుకొన్నది. బలహీనమైన చేతిని దాచిపెట్టక, దానినే బడికి పంపుట ఈ చికిత్స సారము.

పంతులుగారి "గదే" యను మాటను గూర్చి నేను చాల యోచించితిని. 1861లో పారిసు నగరమున బ్రోకా అను వైద్యుడు చూచిన రోగి "టాన్" అను ఒక్క శబ్దమునే పలుకుచుండెడివాడు. అతడు మరణించిన పిమ్మట మెదడు ఎడమప్రక్క నుదుటి భాగమున గాయము కనబడెను. వాక్కునకు శరీరమున నెలవు కలదని లోకము గ్రహించినది అప్పుడు. మన శాస్త్రములు వాక్కును పరా, పశ్యంతి, మధ్యమ, వైఖరి యని నాలుగు మెట్లుగా చెప్పినవి. పెదవి దాటి వినబడు వైఖరి తుదిమెట్టు మాత్రమే. పంతులుగారు కోడలు చెప్పినదంతయు గ్రహించుచుండిరి. మనుమని కొట్టినప్పుడు ఆయన కన్నులలో నీరు నిండినది. వైఖరి పోయినను తక్కిన మెట్లు నిలిచియున్నవనుటకు అంతకంటె సాక్ష్యమేమి కావలెను? అందరి విషయమున ఇట్లుండదని నేనెరుగుదును. అర్థము చేసికొనుశక్తియే సడలిన రోగులను 1874లో వెర్నికె అను వైద్యుడు వర్ణించెను. అయినను మాట రానివానికి బుద్ధియు లేదని తలచి, అతని యెదుటనే అతనిని గూర్చి మాటలాడుట మన గృహములలో నిత్యము జరుగు హింస.

ఈ విషయమున మన తెలుగుగడ్డపై జరిగిన పరిశోధన యొకటి బాసరకు మిక్కిలి సన్నిహితమైనదిగా నాకు తోచును. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో, మనము నిమ్స్ అని పిలుచుచోట, డాక్టరు సువర్ణ అల్లాడి మొదలగువారు 2006 మొదలు 2013 వరకు నమోదైన 608 మంది పక్షవాతరోగులను పరిశీలించి, 2016లో ఫలితములను ప్రకటించిరి. ఒకే భాష తెలిసినవారిలో నూటికి 19.6 మందికి మాత్రమే ఆలోచనాశక్తి చెక్కుచెదరక నిలువగా, రెండు లేక అంతకు మించిన భాషలు తెలిసినవారిలో 40.5 మందికి నిలిచినది. మాట పడిపోవుట మాత్రము రెండు వర్గములలోను ఇంచుమించు సమానమే. అనగా భాషలు జిహ్వను కాపాడలేదు, బుద్ధిని కాపాడినవి. ముధోలు, భైంసా, ధర్మాబాదు సంతలలో ఒక్క బేరములోనే తెలుగు, మరాఠీ, ఉర్దూ దొర్లుటయు, నాందేడు యాత్రికులు బాసర మెట్లపై మరాఠీలో మ్రొక్కుకొనగా పూజారి తెలుగున బదులిచ్చుటయు నేను పలుమారు చూచితిని. సరిహద్దు ప్రజలు దానిని విద్యగా లెక్కింపరు. చదువు లేదని తమ్ము తామే తక్కువ చేసికొందురు. వాగ్దేవి వారికిచ్చినది ఎంతటి నిధియో ఆసుపత్రి లెక్కలు చెప్పవలసివచ్చినది.

పరిశోధనయే ఒక ఉపాసన యని నేను నమ్ముదును. అటెండ్ అను పేరిట మనదేశమున 14 ఆసుపత్రులలో 1,250 మంది పక్షవాతరోగులతో జరిగి 2017లో ప్రకటింపబడిన పరీక్షయే ఇందుకు ప్రమాణము. శిక్షణ పొందిన కుటుంబసభ్యులే ఇంటివద్ద వ్యాయామము మొదలగునవి చేయించినచో రోగి మేలు పొందునా యని పరిశోధకులు విచారించిరి. ఎవరికి ఆ శిక్షణ ఈయవలెనో చీటీలు వేసినట్లు నిర్ణయించిరి. సగము మందికి సాయము నిరాకరించుట అధర్మము కాదా యని కొందరడుగుదురు. మేలైనది ఏదో ఎవరికిని తెలియనప్పుడు ఎవరికిని ఏదియు నిరాకరింపబడుట లేదు. ఆరు నెలలకు మరణించినవారును పరాధీనులై మిగిలినవారును రెండు వర్గములలోను నూటికి 47 మందియే. కుటుంబసేవ గెలువవలెనని నా హృదయము గట్టిగా కోరినది, అది గెలువలేదు. ప్రేమ మాత్రమే చాలదనియు, నేర్చిన చికిత్సకులు కావలెననియు ఆ ఫలితమునుండి నేను గ్రహించితిని. తమ కోరికకు విరుద్ధమైన సత్యమును దాచక లోకమునకు చెప్పిన ఆ వైద్యులు సరస్వతికి చేసిన పూజ, నేను గర్భాలయమున నిలిచి చేసినదానికంటె గొప్పది.

వరండాలోని యాత్రికురాలి మాట మిగిలినది. కర్మసిద్ధాంతమును నేను త్రోసివేయను. కాని కర్మయొక్క గతి తెలియశక్యము కానిదని కృష్ణుడే చెప్పియుండగా, పరుని శయ్యను చూచి వాని పూర్వజన్మమును చదువుటకు మనకు అధికారమెవరిచ్చిరి? ఆ సిద్ధాంతము తన్ను తాను దిద్దుకొనుటకు పుట్టినది. పొరుగువాని వ్యాధికి తీర్పు చెప్పుటకు కాదు. పాపమను మాట వినిన రోగి వైద్యుని కడకు పోవుట మానివేయుటయే దాని ఫలమైనచో, ఆ మాటయే పాపము.

తెల్లవారిన పిమ్మట చిన్నవాని అక్షరాభ్యాసము జరిగినది. పూజారి బిడ్డ చేతిని తన చేతిలోనికి తీసికొని పలకపై ఓంకారము వ్రాయించెను. వ్రాసినవాడు బిడ్డయా, పూజారియా, బలపమా, ఆ చేతిని కదలించిన ప్రాణమా, ఎదుటనున్న సరస్వతీతల్లియా? అయిదును గూడినప్పుడే అక్షరము పుట్టినది. పెద్దపిల్లవాడు స్తంభము చాటున నిలిచి, ఎవరి కన్నులలోనికిని చూడక, తమ్ముని చేతినే చూచుచుండెను.

ఇట్టి బిడ్డ గల తల్లిదండ్రులు ఈ పుటలను చదువుచున్నచో వారికి నా విన్నపము. కొట్టవలదు, నలుగురిలో చెప్పవలదు. ఏడేండ్లు వచ్చినను మానకున్నచో, లేక ఆరు నెలలు మానిన పిదప మరల మొదలైనచో, పగలు గూడ తడుపుచున్నచో, మంట గాని మితిమీరిన దాహము గాని యున్నచో, శిశువైద్యునికి చూపుడు. ఇంటి పెద్దల మొగము వంకరపోయినను, చేయి జారినను, మాట తడబడినను ఆ క్షణమే పెద్దాసుపత్రికి తీసికొనిపొండు. రక్తపు గడ్డను కరిగించు మందు పని చేయునది సుమారు నాలుగున్నర గంటలలోపే. కోలుకొనుచున్నవారు పక్క తడిపినచో సిగ్గుచే దాచక ఆ సంగతియు వైద్యునితో చెప్పుడు. దానికిని చికిత్స కలదు.