అతిథి ఋణం: యానాదుల మధ్య సేవ

రాకకు తిథి లేనివాడు అతిథి అన్నది ప్రసిద్ధ వ్యుత్పత్తి. నెల్లూరు తీరంలోని యానాదుల కాలనీలో నెలరోజులుండి సేవ చేయదలచిన విదేశీ యాత్రికునికి మాత్రం తిరుగు ప్రయాణానికి సైతం తేదీ ఉంటుంది. అతడు నేర్పిన అక్షరాలు సేవగా లెక్కకెక్కుతాయి. అతనికి వండిపెట్టిన చేపల పులుసు ఎక్కదు. ఇంతకీ ఋణపడినదెవరు?

నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మధ్య పనిచేస్తూనే, వారిపై పుట్టుకతోనే నేరముద్ర వేసిన నేరస్థ జాతుల చట్టంపై పోరాడారు. అది 1952 నాటికి దేశవ్యాప్తంగా రద్దయింది. ఆ చట్టం కాలనీలో పుట్టినది కాదు. సేవకుడు బయలుదేరి వచ్చిన లోకంలో పుట్టినది. అతిథి ఋణం తీరవలసిన చోటూ అదే. 1962లో వెలువడిన ఆయన గ్రంథం ‘ది యానాదీస్’ ఆంగ్లంలో ఉన్నందున ఆతిథేయులకు అందలేదని ఆక్షేపించవచ్చు. కాని చట్టాలు చేసేవారు చదివే భాష అప్పటికి అదే.