ముందు క్రియను పట్టుకో, అమ్మణ్ణీ

అమ్మణ్ణీ, ఇంగ్లీషులో సబ్జెక్టు, ప్రెడికేటు విడదీయమంటే నీ చెయ్యి ఆగిపోతోందని మీ అమ్మ చెప్పింది. నీ తెలివిని తిట్టుకోవద్దు. బి.కొత్తకోటలో పుట్టి తెలుగులో ఆలోచించే పిల్లకు అక్కడ ఆగడం సహజం. ఎందుకో చెప్తా విను.

"రేపు మదనపల్లెకు పోతాను" అంటావు. 'నేను' ఎక్కడా లేదు. అయినా పోయేది నువ్వేనని 'పోతాను' చివరనున్న 'ను' చెప్పేస్తుంది. ఇంగ్లీషు క్రియకు ఆ బలం తక్కువ. ఐకీ, యుకీ, వీకీ, దేకీ ఒకటే 'గో'. అందుకే కర్తను బయటికి తెచ్చి ముందు నిలబెట్టాలి. రమ్మనీ పొమ్మనీ చెప్పేటప్పుడు తప్ప ఆ చోటు ఖాళీగా వదలకూడదు. వాన పడుతుంటే 'ఇట్ ఈజ్ రెయినింగ్' అంటారు కదా, ఆ 'ఇట్' ఏమిటని వెతకొద్దు. ఆ చోటు నింపడానికే అది ఉంది.

"మా అన్న డ్రైవరు" అంటే మనకు నిండు వాక్యం, క్రియ లేకపోయినా. వాళ్లకు 'ఈజ్' ఉండి తీరాలి. "నాకు ఆకలిగా ఉంది" అన్నప్పుడు మనం 'నాకు' అంటాం. ఇంగ్లీషులో నేరుగా 'ఐ యామ్ హంగ్రీ'.

ఇక అసలు మెళకువ. వాక్యం ఎంత పొడుగున్నా ముందు క్రియను పట్టుకుని 'ఏది? ఎవరు?' అని అడుగు. "ది ప్రైస్ ఆఫ్ టమోటాస్ ఇన్ మదనపల్లె హ్యాజ్ ఫాలెన్." పడిపోయింది ఏది? టమోటాలు కాదు, ధర. కాబట్టే 'హ్యావ్' కాదు, 'హ్యాజ్'. మదనపల్లె దాకా ఉన్నదంతా సబ్జెక్టు, 'హ్యాజ్' నుంచి ప్రెడికేటు. మన వ్యాకరణంలో ఉద్దేశ్యం, విధేయం అనేవి ఇవే. పేర్లు తర్వాతైనా వస్తాయి, ఈ ప్రశ్న ముందు అలవాటు కావాలి.

1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ తన బెంగాలీ 'జనగణమన'ను ఇంగ్లీషులోకి తెచ్చింది మన మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలోనే. ఒక భాషలోని మాటను మరో భాషలో నిలబెట్టడం అంతటివాడికైనా కూర్చుని చేయాల్సిన పనే. నీకు కాస్త సమయం పడితే సిగ్గెందుకు?

ఈ రాత్రి రీడరులో ఒక పేజీ తియ్యి. ప్రతి వాక్యంలో క్రియ కింద గీత గియ్యి. ఆగిపోయిన చోట గుర్తుపెట్టి ఆదివారం తీసుకురా, ఇద్దరం కలిసి చూద్దాం.